ఒకే బరువు, వేరే ఆకారం: అయాన్ మొబిలిటీ ఏం తేలుస్తుంది, ఏం తేల్చలేదు

పసిపిల్లల్లో విటమిన్ డి లోపం ఉందో లేదో తెలుసుకోవడానికి ల్యాబ్‌లు కొలిచేది 25-హైడ్రాక్సీ విటమిన్ డి3ని. కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలే రూపం అది. దానికి 3-ఎపిమర్ అనే జంట ఒకటి ఉంది. రెండిటిలోనూ 27 కార్బన్లు, 44 హైడ్రోజన్లు, 2 ఆక్సిజన్లే. ఏ పరమాణువు దేనికి అంటుకుని ఉందో కూడా తేడా లేదు. మూడో కార్బన్ మీది హైడ్రాక్సిల్ సమూహం ఒకదాంట్లో ఇటు, మరోదాంట్లో అటు తిరిగి ఉంటుంది, అంతే. ఎపిమర్ ప్రభావం కాల్షియం మీద అసలుదాని కన్నా తక్కువ. కాబట్టి రెండూ కలిపి లెక్కేస్తే బిడ్డకు లోపం ఉన్నా రిపోర్టులో బాగానే ఉన్నట్టు రావచ్చు. 2006లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు ఏడాదిలోపు పిల్లల నమూనాలు పరీక్షిస్తే ప్రతి అయిదుగురిలో ఒకరికి పైగా ఈ ఎపిమర్ కనిపించింది. అలాంటివారిలో మొత్తం 25-హైడ్రాక్సీ విటమిన్ డిలో దాని వాటా సుమారు 9 శాతం నుంచి 61 శాతం దాకా ఉంది.

ఇక్కడ విచిత్రం ఏమిటంటే, రసాయనాలను గుర్తుపట్టడంలో తిరుగులేనిదని పేరున్న మాస్ స్పెక్ట్రోమీటరే ఈ జంట దగ్గర తికమకపడుతుంది. అది అణువుకు ఛార్జ్ ఎక్కించి, అంటే అయాన్‌గా మార్చి, ద్రవ్యరాశిని తూస్తుంది. ఇద్దరి బరువూ ఒక్కటే. ముక్కలు చేసి చూద్దామంటే ముక్కలూ దాదాపు ఒకేలా వస్తాయి. ముందుగా లిక్విడ్ క్రొమటోగ్రఫీలో, అంటే ద్రావకంతో కలిపి కాలమ్ అనే సన్నటి గొట్టం గుండా పంపి, విడదీయొచ్చు గానీ, అందుకు ప్రత్యేకమైన కాలమ్ కావాలి, ఒక్కో నమూనాకు ఎక్కువ సమయం పడుతుంది. రోజుకు వందల నమూనాలు వచ్చే ల్యాబ్‌కి అది భారమే.

బరువు చెప్పలేని చోట ఆకారం ఏమైనా చెబుతుందా? అయాన్ మొబిలిటీ వేసే ప్రశ్న ఇదే.

ఒక గొట్టంలో నైట్రోజన్ లేదా హీలియం వాయువు నింపి, పొడవునా విద్యుత్ క్షేత్రం పెడతారు. ఒక చివర అయాన్లను వదులుతారు. క్షేత్రం వాటిని ముందుకు లాగుతుంటే, వాయు అణువులు అడుగడుగునా ఢీకొట్టి వెనక్కి పట్టుకుంటాయి. రెండూ సరితూగి అయాన్ ఒక నిలకడ వేగంతో సాగుతుంది. ఆ వేగాన్ని క్షేత్రం బలంతో భాగిస్తే వచ్చేదే మొబిలిటీ. జాతర జనంలో గొడుగు ముడిచి నడిచే మనిషి త్వరగా అవతలికి చేరతాడు, తెరిచి నడిచేవాడు అందరికీ తగులుతూ వెనకబడతాడు; ఇద్దరి బరువూ ఒకటే అయినా సరే. ప్రయాణానికి పట్టే సమయం మిల్లీసెకన్లలో ఉంటుంది.

ఆ సమయం పరికరాన్ని బట్టి, ఆనాటి ఉష్ణోగ్రత, పీడనాలను బట్టి మారిపోతుంది. అందుకే దాన్ని 0 డిగ్రీల సెల్సియస్, 760 టార్ పరిస్థితులకు సవరించి చెబుతారు. ఇంకో అడుగు ముందుకేసి, 1958లో మేసన్, షాంప్ ఇచ్చిన సమీకరణంతో దాన్ని కొలిజన్ క్రాస్ సెక్షన్‌గా, అంటే వాయువుకు ఆ అయాన్ ఎంత మేర అడ్డు తగులుతోందో చెప్పే వైశాల్యంగా మారుస్తారు. వాడుకలో దీని పేరు సీసీఎస్, కొలత చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లలో. పరికరాల సర్దుబాటుకు వాడే ఒక ప్రామాణిక మిశ్రమంలో 622 ద్రవ్యరాశి దగ్గర కనిపించే అయాన్‌కు నైట్రోజన్‌లో సీసీఎస్ సుమారు 203. అయితే సీసీఎస్ అణువుకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. అదే అయాన్‌ను హీలియంలో కొలిస్తే విలువ తగ్గుతుంది. ఏ వాయువులో కొలిచారో రాయకుండా వేసిన సీసీఎస్ అంకె ఎవరికీ పనికిరాదు.

విటమిన్ డి జంట సంగతికొస్తే, 2017లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ బృందం దానికి ఒక మార్గం చూపింది. అణువుకు ఛార్జ్ ఇవ్వడానికి మామూలుగా అంటించే ప్రోటాన్‌కు బదులు సోడియం అంటిన అయాన్లను చూశారు. 25-హైడ్రాక్సీ విటమిన్ డి3 సోడియంతో కలిసినప్పుడు రెండు ఆకారాల్లో ఉంటుంది: ఒకటి సోడియం చుట్టూ ముడుచుకున్నది, రెండోది చాచుకున్నది. ఎపిమర్ మాత్రం ముడుచుకున్న ఆకారంలోనే కనిపించింది. కాబట్టి గ్రాఫ్‌లో చాచుకున్న ఆకారానికి లేచే శిఖరం కనిపిస్తే అది అసలుదే. ముడుచుకున్న శిఖరం ఒక్కటే చూసి మాత్రం ఏమీ చెప్పలేం, అందులో ఇద్దరూ ఉండొచ్చు. మొబిలిటీ ఇచ్చే సాక్ష్యం చాలాసార్లు ఇలాగే ఒకవైపే పనిచేస్తుంది. అది ఫలానా పదార్థం కాదని గట్టిగా చెబుతుంది, అవునని చెప్పాల్సి వస్తే మాత్రం ఇంకొకరి సాయం అడుగుతుంది. ఈ పద్ధతి మీద వచ్చే ప్రకటనల్లో మొదటి సగం వినిపించినంతగా రెండో సగం వినిపించదు.

నిజానికి ఈ పద్ధతి కొత్తది కాదు. వాయువుల్లో అయాన్ల కదలికకు పాల్ లాంజెవిన్ 1905 నాటికే సిద్ధాంతం రాశాడు. 1970లో కోహెన్, కరాసెక్‌లు దీన్ని 'ప్లాస్మా క్రొమటోగ్రఫీ' పేరుతో రసాయన విశ్లేషణకు తెచ్చారు. జనానికి దగ్గరగా వచ్చింది మాత్రం భద్రతా తనిఖీల ద్వారా. విమానాశ్రయంలో బ్యాగు మీద చిన్న గుడ్డముక్కతో తుడిచి ఒక పెట్టెలో పెడతారు కదా, ఆ పెట్టెల్లో చాలావాటిలో ఉండేది అయాన్ మొబిలిటీయే. పేలుడు పదార్థాలు రుణ అయాన్లుగా, మాదకద్రవ్యాలు ఎక్కువగా ధన అయాన్లుగా కనిపిస్తాయి. చాలాకాలం వీటిలో అయాన్లను పుట్టించడానికి నికెల్-63 రేడియోధార్మిక రేకు వాడారు. బ్రిటన్‌లో తయారైన చేతి పరికరం 1980ల నుంచి సైనికుల దగ్గర విషవాయువులను పసిగట్టే పనిలో ఉంది.

ఆ పెట్టె దగ్గర ఉన్నది ఒకే ఒక్క అంకె, మొబిలిటీ. దాని జాబితాలో పాతిక, ముప్పై పదార్థాలుంటే ఆ కొద్దిమందిలో పోల్చుకోవడానికి ఆ అంకె చాలు. ప్రపంచంలోని మిగతా లక్షల పదార్థాల్లో ఏదో ఒకటి అదే సమయానికి గొట్టం దాటితే మాత్రం గంట మోగుతుంది. దీన్ని తగ్గించడానికి క్లోరిన్ ఉన్న పదార్థాన్ని కొద్దిగా కలుపుతారు, దాంతో క్లోరైడ్‌ను అంటించుకోగల పేలుడు పదార్థాలు ముందుకొస్తాయి, అలా అంటించుకోలేనివి చాలావరకు వెనకే ఉండిపోతాయి. అయినా గంట ఒక్కోసారి ఊరికే మోగుతుంది. ఒక్కోసారి నిజం చెప్పి కూడా ఇబ్బంది పెడుతుంది: గుండెనొప్పికి నైట్రోగ్లిజరిన్ వాడే పెద్దాయన చేతులమీద నిజంగానే నైట్రోగ్లిజరిన్ ఉంటుంది మరి. రసాయనం సరిగ్గానే దొరికింది, దొంగ మాత్రం లేడు. విమానాశ్రయంలో దీనివల్ల జరిగే నష్టం రెండోసారి తనిఖీ, కాసేపు టెన్షన్. ల్యాబ్‌లో ఈ స్థాయి గుర్తింపు సరిపోదు.

అందుకే మొబిలిటీ గొట్టం వెనకాల మాస్ స్పెక్ట్రోమీటర్‌ను తగిలించారు. రెండిటి వేగాలూ భలే కుదిరాయి. క్రొమటోగ్రఫీలో ఒక శిఖరం కొన్ని సెకన్లు ఉంటుంది, మొబిలిటీ వడపోత పదుల మిల్లీసెకన్లలో అయిపోతుంది, టైమ్-ఆఫ్-ఫ్లైట్ (అయాన్ ఎగిరే సమయాన్ని బట్టి బరువు తేల్చే) తూకం ఒక్కొక్కటీ వంద మైక్రోసెకన్ల ప్రాంతంలో ముగుస్తుంది. ఒకదాని లోపల ఒకటి ఇమిడిపోతాయి కాబట్టి మొబిలిటీని చేర్చినందుకు అదనంగా సమయం పట్టదు. విశ్వవిద్యాలయాల్లో చేతితో కట్టుకున్న పరికరాలతో 1990ల నుంచే ఈ పని జరుగుతున్నా, మార్కెట్లోకి వచ్చింది 2006లో, వాటర్స్ కంపెనీ సినాప్ట్‌తో. అందులో అయాన్లను విద్యుత్ అలలు తోసుకుంటూ పోతాయి. తర్వాత అజిలెంట్ పైన చెప్పిన పాతకాలపు తిన్నటి గొట్టాన్నే, అంటే డ్రిఫ్ట్ ట్యూబ్‌నే, మెరుగుపరిచి తెచ్చింది. 2016లో బ్రూకర్ టిమ్స్‌టాఫ్ వచ్చింది. అందులో ఏర్పాటు తిరగబడింది: వాయువు ముందుకు ప్రవహిస్తుంటే క్షేత్రం అయాన్లను ఎదురు పట్టి ఆపుతుంది, తర్వాత మెల్లగా వదిలిపెడుతుంది. 2019లో వాటర్స్ అయాన్లను గుండ్రటి దారిలో ఎన్ని చుట్లైనా తిప్పగల సైక్లిక్ పరికరాన్ని ముందుకు తెచ్చింది.

వీటిలో సీసీఎస్‌ను నేరుగా భౌతిక సూత్రాల నుంచి లెక్కకట్టగలిగేది డ్రిఫ్ట్ ట్యూబ్ ఒక్కటే. మిగతావన్నీ తెలిసిన అయాన్లతో కాలిబ్రేషన్ చేసుకుని విలువ చెబుతాయి. ఈ చిన్న విషయం దగ్గర పెద్ద తప్పులు జరుగుతాయి. పెప్టైడ్ల తరహా ప్రామాణికాలతో కాలిబ్రేట్ చేసి కొవ్వు పదార్థాలను కొలిస్తే విలువ పక్కకు జరుగుతుంది. డ్రిఫ్ట్ ట్యూబ్ వరకు చూస్తే నమ్మకం బాగానే ఉంది. 2017లో ప్రచురితమైన ఒక ఉమ్మడి అధ్యయనంలో నాలుగు ల్యాబ్‌లు ఒకే పద్ధతిలో నూటికి పైగా అయాన్లను కొలిస్తే వాటి మధ్య సగటు తేడా 0.29 శాతమే వచ్చింది. క్రొమటోగ్రఫీలో పదార్థం బయటికొచ్చే సమయం కాలమ్ మారితే, ద్రావకం మారితే, కాలమ్ పాతబడితే మారిపోతుంది. ఒక ల్యాబ్ సమయం మరో ల్యాబ్‌కి అక్కరకు రాదు. సీసీఎస్ మాత్రం ఊరు దాటినా చెల్లుతుంది. గుర్తింపు సాధనంగా దాని అసలు బలం ఇదే.

బలహీనత దాని స్వభావంలోనే ఉంది. బరువు పెరిగేకొద్దీ పరిమాణమూ పెరుగుతుంది. ఒక అయాన్ ద్రవ్యరాశి తెలిస్తే దాని సీసీఎస్ సుమారుగా ఎంతుంటుందో ముందే ఊహించొచ్చు. అంటే బరువు తెలిసిపోయాక సీసీఎస్ కొత్తగా చెప్పేది కొంచెమే. 'నాలుగో కోణం' అని ప్రచారం జరుగుతున్నా, అది మిగతా మూడింటికి (క్రొమటోగ్రఫీ సమయం, ద్రవ్యరాశి, సిగ్నల్ తీవ్రత) పూర్తిగా విడిగా నిలబడేది కాదు. ఆ కొంచెం ఎంతన్నది పదార్థాల కుటుంబాన్ని బట్టి ఉంటుంది. ఒకే బరువు దగ్గర చూస్తే పొడవాటి తోకలున్న కొవ్వులకు సీసీఎస్ ఎక్కువ, పెప్టైడ్లకు అంతకన్నా తక్కువ, చక్కెరలు ఇంకా కుదురుగా ఉంటాయి. ద్రవ్యరాశి ఒక అక్షం మీద, సీసీఎస్ మరో అక్షం మీద పెట్టి చుక్కలు పెడితే ఈ కుటుంబాలు వేర్వేరు గీతలుగా కనిపిస్తాయి.

ఇందులో అన్నిటికన్నా లాభపడింది పీఫాస్ పరిశోధన అనిపిస్తుంది. నాన్‌స్టిక్ పూతల దగ్గర నుంచి మంటలార్పే నురగ దాకా వాడిన ఈ ఫ్లోరిన్ పదార్థాలు నీళ్లలో చేరి ఏళ్ల తరబడి పోవు. ఫ్లోరిన్ పరమాణువు ద్రవ్యరాశి 19, అయినా అది ఆక్రమించే చోటు తక్కువ. అందుకని ఎక్కువ ఫ్లోరిన్ ఉన్న అయాన్లు వాటి బరువుకు తగ్గ సైజులో ఉండవు, మామూలు కర్బన పదార్థాల గీత కన్నా బాగా కిందికి పడతాయి. నది నీటి నమూనాలో వేల శిఖరాలున్నప్పుడు, పేరు తెలియకపోయినా, ఆ కింది గీత మీద ఉన్నవాటిని ముందు ఏరుకుని చూడొచ్చు. ఇక్కడ మొబిలిటీ చేసేది పేరు పెట్టడం కాదు, ఎక్కడ వెతకాలో చూపించడం. వెతుకులాటలో అది తక్కువ సాయమేం కాదు.

ఒకే కుటుంబం లోపల, ఒకే బరువున్న ఐసోమర్ల (ఒకే ఫార్ములా, వేరే అమరిక ఉన్న పదార్థాల) మధ్య పోటీ అయితే లెక్క కఠినంగా ఉంటుంది. పరికరం పదునును రిజాల్వింగ్ పవర్ అంటారు. అది 50 ఉంటే, సీసీఎస్‌లో 2 శాతం తేడా ఉన్న రెండు అయాన్లు సగం ఎత్తు దగ్గర విడివడతాయి. తేడా అర శాతమే అయితే 200 కావాలి. సాధారణ డ్రిఫ్ట్ ట్యూబ్ 50, 60 దగ్గర ఆగుతుంది, బ్రూకర్ పరికరంలోని టిమ్స్ పద్ధతి 200 దాటగలదు. సైక్లిక్ పరికరం ఒక చుట్టుకు 65 దాకా ఇస్తుంది, చుట్లు పెంచితే వాటి వర్గమూలం చొప్పున పెరుగుతుంది. అంటే పదును రెట్టింపు కావాలంటే నాలుగు చుట్లు తిప్పాలి. తిప్పేకొద్దీ వేగంగా పోయే అయాన్లు నెమ్మదైనవాటిని చుట్టి వచ్చి కలిసిపోయే ఇబ్బంది ఉంది కాబట్టి, కావలసిన కొద్దిపాటి భాగాన్నే లోపల ఉంచి మిగతాది బయటికి పంపాలి. గ్లూకోజ్, గెలాక్టోజ్, మానోజ్‌ల ఫార్ములా ఒక్కటే. చక్కెరల మీద పనిచేసేవాళ్లు ఎక్కువ చుట్లున్న పరికరాల వైపు చూడడం వెనక ఉన్న కారణం ఇదే.

పదునైన పరికరం ఉన్నా, కొలిచిన అంకెను దేనితో పోల్చాలి? ప్రామాణిక నమూనా కొని కొలిచిన సీసీఎస్‌లు కొన్ని వేల పదార్థాలకే ఉన్నాయి. తెలిసిన రసాయనాలు కోట్లలో ఉన్నాయి. ఆ ఖాళీని కంప్యూటర్ అంచనాలతో నింపుతున్నారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని సీసీఎస్‌బేస్, చైనాలో తయారైన ఆల్‌సీసీఎస్ లాంటివి మెషీన్ లర్నింగ్‌తో లక్షల పదార్థాలకు విలువలు ఊహిస్తాయి. ఈ అంచనాల్లో పొరపాటు మామూలుగా రెండు, మూడు శాతం ఉంటుంది, కొన్నిటికి ఇంకా ఎక్కువ. స్పెయిన్‌లో 2017లో పురుగుమందుల అవశేషాల కోసం చేసిన ఒక కంప్యూటర్ మోడల్‌లో, ప్రోటాన్ చేరిన అయాన్లలో 95 శాతానికి పొరపాటు 6 శాతం లోపల ఉందని చెప్పారు. ఇప్పుడు వెనక్కి చూడండి: ఐసోమర్ల మధ్య తేడా చాలాసార్లు ఒకటి, రెండు శాతమే. అంచనా పొరపాటే దానికన్నా పెద్దది. ఊహించిన సీసీఎస్‌తో సరిపోయింది కాబట్టి ఇదే ఆ ఐసోమర్ అని చెప్పడం, అడుగులు మాత్రమే ఉన్న స్కేలుతో అంగుళాలు కొలిచానన్నట్టే.

అలాంటి అంచనా వేరే పనికి బాగా పనికొస్తుంది. అనుమానితుల జాబితాలో పదిమంది ఉండి, ముగ్గురి అంచనా విలువ కొలిచినదానికి 10 శాతం దూరంలో ఉంటే వాళ్లను నిశ్చింతగా కొట్టేయొచ్చు. మిగిలిన ఏడుగురిలో ఎవరన్నది ముక్కల స్పెక్ట్రమ్, క్రొమటోగ్రఫీ సమయం తేల్చాలి. పర్యావరణ రసాయన శాస్త్రంలో గుర్తింపు నమ్మకాన్ని అయిదు మెట్లుగా చెప్పే పద్ధతి 2014 నుంచి వాడుకలో ఉంది. అన్నిటికన్నా పై మెట్టు ఎక్కాలంటే ప్రామాణిక నమూనాతో పోల్చి తీరాలి. సీసీఎస్‌కూ అందులో చోటివ్వాలని కొందరు మార్పులు సూచించారు. చోటివ్వడం సబబే. కానీ కొలిచిన ప్రామాణిక విలువతో 2 శాతం లోపల సరిపోవడానికీ, ఊహించిన విలువతో సరిపోవడానికీ ఒకే మార్కులు వేయకూడదు.

ఇంకో చిక్కు ఉంది, అది విన్నవాళ్లు మొదట నమ్మరు. ఒకే ఒక్క స్వచ్ఛమైన పదార్థం మొబిలిటీలో రెండు శిఖరాలుగా రావచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్ అలాంటిదే. ఈ యాంటీబయాటిక్ అణువుకు ప్రోటాన్ చేరే చోట్లు ఒకటికన్నా ఎక్కువ ఉన్నాయి. ప్రోటాన్ ఒక చోట కూర్చుంటే ఒక ఆకారం, ఇంకోచోట కూర్చుంటే మరో ఆకారం. బరువు రెండిటికీ 332. ముక్కలు చేస్తే ఒకటి ప్రధానంగా నీటి అణువును, మరోటి కార్బన్ డయాక్సైడ్‌ను పోగొట్టుకుంటుంది. ఏది ఎంత శాతమన్నది ద్రావకాన్ని బట్టి, అయాన్ మూలంలోని వోల్టేజీలను బట్టి మారుతుంది. ఒక ల్యాబ్‌లో రెండు ముక్కల నిష్పత్తి ఒకలా, ఇంకో ల్యాబ్‌లో మరోలా రావడానికి ఇదొక కారణం. నిష్పత్తి కుదరలేదని నిజమైన నమూనాను తిరస్కరించే ప్రమాదమూ ఉంది. మొబిలిటీ లేకపోతే ఈ రెండు రూపాలు కలిసిపోయి కనిపించేవి, తేడా ఎందుకొచ్చిందో తెలిసేది కాదు. అలాగని మొబిలిటీ చూసి రెండు శిఖరాలున్నాయి కాబట్టి రెండు పదార్థాలు అనుకుంటే ఇంకో తప్పు.

సిప్రోఫ్లాక్సాసిన్ పేరు తెలుగు నేలకు కొత్త కాదు. 2007లో స్వీడన్ పరిశోధకులు హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఈ మందు ఉందని ప్రకటించారు. ఆ పనికి మొబిలిటీ వాడలేదు, అవసరమూ లేదు. అంత గాఢత ఉంటే మామూలు మాస్ స్పెక్ట్రోమీటర్‌కు గుర్తుపట్టడం కష్టం కాదు. కష్టమంతా దిగువన ఉంటుంది. అదే నీరు వాగులో, చెరువులో, బోరులో చేరి నానోగ్రాముల స్థాయికి పలచబడినప్పుడు, చుట్టూ మురుగు, కుళ్లిన ఆకుల పదార్థం, సబ్బులు, ఇతర మందులు కలిసినప్పుడు, 332 బరువు దగ్గర ఎవరెవరో నిలబడి ఉంటారు.

అలాంటి రద్దీలో మొబిలిటీ చేసే గొప్ప మేలు సీసీఎస్ అంకెతో సంబంధం లేనిది. అది స్పెక్ట్రమ్‌ను శుభ్రం చేస్తుంది. అన్ని అయాన్లనూ ఒకేసారి ముక్కలు చేసే పద్ధతిలో ఏ ముక్క ఏ తల్లి అయాన్‌దో తెలియక గందరగోళం అవుతుంది. మొబిలిటీ గొట్టం దాటాక ముక్కలు చేస్తే, తల్లి ఏ మిల్లీసెకనులో వచ్చిందో దాని ముక్కలూ అప్పుడే వస్తాయి. వేరే సమయంలో కనిపించిన ముక్కలను తీసి పక్కన పెట్టొచ్చు. మిగిలిన శుభ్రమైన స్పెక్ట్రమ్‌ను, తెలిసిన పదార్థాల స్పెక్ట్రమ్‌లు దాచిన లైబ్రరీతో పోలిస్తే జవాబు గట్టిగా వస్తుంది. పేరు నిర్ణయించేది లైబ్రరీయే అయినా, దానికి చదవదగ్గ కాగితం అందించింది మొబిలిటీ. కొనేముందు సీసీఎస్ గురించి ఎక్కువగా అడిగే ల్యాబ్‌లు, కొన్నాక ఎక్కువగా వాడుకునేది ఈ శుభ్రతనే అయితే ఆశ్చర్యం లేదు.

ఇక అంకెనే ప్రచురించాలనుకుంటే అది ఒంటరిగా వెళ్లకూడదు. ఏ వాయువు, ఏ రకం పరికరం, ఏ కాలిబ్రేషన్ అయాన్లు, పొరపాటు పరిధి ఎంత, అయాన్ మీద ఉన్నది ప్రోటానా సోడియమా అన్నవి రాయాలని 2019లో ఈ రంగంలోని శాస్త్రవేత్తలు కలిసి మార్గదర్శకాలు విడుదల చేశారు. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివాటికి ఒక్క పేరు ఎదురుగా రెండు సీసీఎస్‌లు పెట్టాలి. ఒక పదార్థానికి ఒకే గడి ఉన్న డేటాబేస్‌లు రెండో శిఖరాన్ని వదిలేస్తాయి, లేదా రెండిటి సగటు వేస్తాయి. ఆ సగటు దగ్గర నిజంగా ఏ అయానూ ఉండదు.